నీలం త్రికోణం తేనెటీగలకు రక్ష కాదు: పురుగుమందుల కంపెనీకి ఫిర్యాదు

నూజివీడు ప్రాంతం,
ఏలూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: నిండు పూతలో ఉన్న మామిడి తోటలో మీ సిబ్బంది పట్టపగలు మందు కొట్టించడం వల్ల తేనెటీగలు చనిపోవడం, ప్యాకెట్ మీద తేనెటీగల గురించి కనిపించే హెచ్చరిక లేకపోవడం గురించి.

అయ్యా,

నేను నూజివీడు దగ్గర పల్లెలో దేశవాళీ తేనెటీగలు పెంచుకునే మనిషిని. జనవరి చివరి వారంలో మా పక్క మామిడి తోటలో మీ కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ డెమో పెట్టారు. ఉదయం తొమ్మిది దాటాక, చెట్లన్నీ నిండుగా పూసి ఉండగా, పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కోసమని థయామెథాక్సామ్ అనే పురుగుమందు 25 శాతం ఉన్నది కొట్టించారు. సాయంత్రానికి నా పెట్టెల ముందు ఈగలు కుప్పలుగా పడ్డాయి. మొత్తం 22 పెట్టెల్లో 13 ఆ వారంలోనే పోయాయి. మిగిలినవాటిలో నాలుగింటికి మేతకు వెళ్ళే ఈగలే లేవు. రాణి ఉంది, పిల్లపురుగులున్నాయి, వాటికి తెచ్చిపెట్టేవాళ్ళు లేరు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మాట్లాడినాయన ముందు "జబ్బేదో వచ్చి ఉంటుంది సార్" అన్నారు. తర్వాత "మందు వల్ల పంటకు ఇబ్బంది ఏమైనా వచ్చిందా?" అని అడిగారు. పంటకు కాదు, పక్కనున్న ఈగలకు వచ్చిందంటే "అలాంటి ఫిర్యాదుకు మా దగ్గర కాలమ్ లేదు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

జబ్బు మాట ముందు తేలుద్దాం. దేశవాళీ ఈగకు వచ్చే పెద్ద జబ్బు థాయ్ శాక్‌బ్రూడ్. అది వస్తే పిల్లపురుగులు అరల్లోనే నీరు పట్టి ఉబ్బి చస్తాయి. నా పెట్టెల్లో చచ్చినవి ఎదిగిన ఈగలు. గుమ్మం ముందు వెల్లకిలా పడి, కాళ్ళు కొట్టుకుంటూ, నాలుక బయటికి చాపి చచ్చాయి. కొన్ని ఎగరబోయి, పడిన చోటే గిరగిరా తిరిగాయి. చాలావాటి కాళ్ళకు పుప్పొడి ముద్దలు అలాగే అంటుకుని ఉన్నాయి. మేతకు వెళ్ళి ఇల్లు చేరుతూ పడిపోయినవే అవన్నీ. ఫోటోలు, వీడియోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చచ్చిన ఈగల్ని, పట్టులోని పుప్పొడిని విడివిడిగా ఫ్రీజర్‌లో భద్రపరిచాను. మీరే మనిషిని పంపి తీసుకెళ్ళి పరీక్ష చేయించండి, నేను కాదనను.

గుమ్మం ముందు పడినవి మనకు కనిపించేవి మాత్రమే. తోటలో, దారిలో రాలిపోయినవాటికి లెక్క లేదు. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేనెటీగల వీపు మీద చిన్న చిన్న చిప్‌లు అంటించి, ఇదే థయామెథాక్సామ్‌ను చంపనంత తక్కువ మోతాదులో పట్టించి, ఇంటికి దూరంగా వదిలి చూశారు. మందు తాగిన ఈగల్లో ఇల్లు చేరలేకపోయినవి చాలా ఎక్కువగా తేలాయి. ఈ మందు దెబ్బ తగిలేది నరాల మీద. ఈగకు దారి తెలియకుండా పోతుంది. తేనెటీగ ఒంటరిగా బతికే పురుగు కాదు, ఆ రాత్రి ఇల్లు చేరకపోతే దాని పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. మంచి మేత దొరికిన ఈగ ఒక్కతే వెళ్ళి తినదు. పెట్టెలోకి వచ్చి పట్టు మీద నాట్యం చేసి, ఎటువైపు, ఎంత దూరం అన్నది మిగతావాటికి చెబుతుంది. ఆ నాట్యం అర్థం ఏమిటో కనిపెట్టినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి పూత మీద మందు పడితే చచ్చేది ఆ చెట్టు మీద వాలిన ఈగలే అనుకోవద్దు. బతికి వచ్చిన ఈగ మరికొన్ని ఈగల్ని అదే తోటకు పంపిస్తుంది. అది తెచ్చిన పుప్పొడిని లోపల దాచిపెట్టి, రోజుల తరబడి పిల్లలకు పెడతాయి. నా పెట్టెలు ఒక్క పూటలో కాకుండా వారమంతా ఖాళీ అవుతూ పోయింది అందుకే.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. తోట రైతు నాకు బాబాయి వరస అవుతాడు. ఆయన మీద నాకు కోపం లేదు. స్ప్రేయర్లు తెచ్చిన రోజు ఆయన మీ ఆఫీసర్‌ను అడిగాడు, "పక్కన మావాడి తేనె పెట్టెలున్నాయి, ఏమీ కాదుగా?" అని. మీ ఆఫీసర్ ప్యాకెట్ తిప్పి చూపించి, "నీలం త్రికోణం బాబాయ్ గారూ, ఎర్రది కాదు, పసుపుది కాదు. భయపడాల్సిన మందు కాదిది" అన్నారు. బాబాయి నమ్మాడు. కంపెనీ చొక్కా వేసుకుని వచ్చిన చదువుకున్న కుర్రాడు చెబితే ఏ రైతైనా నమ్ముతాడు.

ఆ మాట ఎంత తప్పో మీకు తెలియదని నేను అనుకోను. పురుగుమందుల నిబంధనలు 1971 ప్రకారం లేబుల్ మీద రంగు త్రికోణం వేసేది క్షీరదాలకు ఆ మందు ఎంత విషమో చెప్పడానికి. ఎలుకల్లాంటి జంతువుల మీద పరీక్ష చేసి, కిలో శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు నోటి ద్వారా పోతే సగం జంతువులు చస్తాయో చూస్తారు. 50 లోపైతే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. తేనెటీగ ఆ పరీక్షలో లేనే లేదు. పైగా నీలం త్రికోణం మీద 'డేంజర్' అనే మాట ఉంటుంది. దాన్ని చూపించి భయం లేదని ఎలా చెప్పారు?

తేనెటీగ లెక్క వేరు. థయామెథాక్సామ్ నోటి ద్వారా పోతే సగం ఈగల్ని చంపే మోతాదు ఈగకు 0.005 మైక్రోగ్రాములు. మీరు ఎకరాకు చెప్పే 40 గ్రాముల ప్యాకెట్‌లో అసలు మందు 10 గ్రాములు. భాగించి చూడండి, 200 కోట్ల ఈగలకు సరిపడే మోతాదు. బలమైన దేశవాళీ పెట్టెలో ఉండేది 20 వేల ఈగలు. కొట్టిన మందంతా ఈగల నోట్లోకి పోదని నాకూ తెలుసు. అందులో లక్షో వంతు పోయినా ఒక పెట్టె అయిపోతుందని మీకూ తెలుసు. ఈ లెక్క మీ రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ఉంటుంది. ప్యాకెట్ మీద మాత్రం లేదు. లోపల మడతలు పెట్టిన కరపత్రంలో, కళ్ళజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో, విరుగుడు వివరాలకీ ఖాళీ డబ్బా పారేసే పద్ధతికీ మధ్యలో ఒక్క వాక్యం ఉంది. ఆ కాగితాన్ని మా ఊళ్ళో ఎవరూ విప్పరు, మందుల కొట్టులోనే చెత్తబుట్టలో పడుతుంది.

డెమో అయ్యాక మీవాళ్ళు స్ప్రేయర్ ట్యాంకులు కడిగిన నీళ్ళు పక్కనున్న బోదె కాలువలో పారబోశారు. నా ఈగలు నీళ్ళు తాగేది ఆ బోదె గట్టునే. ఈ ఒక్క పనికి మీ దగ్గర ఏ సమాధానమూ ఉండదని అనుకుంటున్నాను.

నేను ఈగల్ని ఎలా పెంచుతానో కొంచెం చెప్పాలి, ఎందుకంటే "పెట్టెకు ఇంత" అని మీరు లెక్క కట్టి పంపితే ఈ నష్టం తీరదు. నావి కొన్న ఈగలు కావు. చెట్ల తొర్రల్లోంచి, పుట్టల్లోంచి, పాత గోడల్లోంచి గుంపు చెడకుండా తెచ్చుకుని పెట్టెల్లో చేర్చినవి. అచ్చు మైనపు రేకులు పెట్టను, పట్టు అవే కట్టుకుంటాయి. చక్కెర పాకం పోయను, యాంటీబయాటిక్ వాడను. కింది అరలోని తేనె ఎప్పుడూ వాటిదే. పై అరలో మూత వేసిన తేనె మాత్రమే తీసుకుంటాను, పెట్టెకు ఏడాదికి అయిదారు కిలోలు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళకు నీళ్ళ గిన్నెలు, మైనపు పురుగు పట్టకుండా అడుగు పలక శుభ్రం, అంతే నేను చేసేది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వచ్చి దక్షిణాదిలో దేశవాళీ ఈగలు తుడిచిపెట్టుకుపోయాయి. పెట్టెల్లో పెంచినవాటిలో నూటికి తొంభై దాకా పోయిన చోట్లున్నాయి. ఇవాళ మన తొర్రల్లో ఉన్నవి ఆ జబ్బును తట్టుకుని నిలబడినవాటి సంతతి. ఏ మందూ లేకుండా తమంతట తాము నిలదొక్కుకున్న ఈగల్ని మీ డెమో ఒక్క ఉదయంలో చంపేసింది. వాటిని ఏ దుకాణంలో కొని మళ్ళీ తేవాలి?

నా 13 పెట్టెలు నేను తెరిచి చూశాను కాబట్టి తెలిసింది. ఆ చుట్టుపక్కల చింతచెట్టు మీద పట్టే పెద్ద తేనెటీగలు, కంచె కొమ్మల్లో పట్టే చిన్న తేనెటీగలు, మామిడి పూతకు అందరికంటే ఎక్కువ పనిచేసే మామూలు ఈగలు, వీటి చావు చెప్పేవాళ్ళెవరు? మామిడిలో పిందె పడాలంటే ఈ పురుగులు పూల మీద తిరగాలి. తోట పక్కనే పుచ్చ, దోస వేసే రైతులున్నారు. వాటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, ఈగ రాకపోతే కాయే లేదు. బాబాయి తోటలో దిగుబడి పెంచుతామని వచ్చి, ఆ చుట్టూ ఉన్న అందరి దిగుబడి మీదా దెబ్బ కొట్టారు.

తేనెమంచు పురుగు వల్ల మామిడి రైతు ఎంత నష్టపోతాడో నాకు తెలుసు. నా తమ్ముడికీ మామిడి ఉంది. కానీ నిండు పూత మీద కొట్టాల్సిన అవసరం లేదు. పూమొగ్గ బయటికి వస్తున్నప్పుడు ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక ఇంకోసారి చూసుకోమని ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతే. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి తోటలోకి ఎండ, గాలి రానిస్తే ఆ పురుగు ఉధృతే తగ్గుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వేపాకు, ఆవు మూత్రం, పేడ కలిపి చేసే నీమాస్త్రంతో మొదట్లోనే అదుపు చేస్తున్నారు. తప్పనిసరై కొట్టాల్సి వచ్చినా, పొద్దు వాలి ఈగలు ఇళ్ళకు చేరాక కొట్టాలి, పక్కవాళ్ళకు ముందురోజే చెప్పాలి. నిండు పూతలో ఉదయం తొమ్మిది గంటలకు ఎందుకు పెట్టారంటే, జనం పోగయ్యే సమయం అదే, ఫోటోలు బాగా వచ్చేది అప్పుడే. నాకు తోచిన కారణం ఇంతకు మించి లేదు.

యూరప్ దేశాలు 2013లో థయామెథాక్సామ్ చేరిన నియోనికోటినాయిడ్ కుటుంబం మందుల మీద ఆంక్షలు పెట్టి, 2018లో థయామెథాక్సామ్, ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్ మూడింటినీ ఆరుబయట పొలాల్లో వాడకూడదన్నాయి. అమెరికాలో 2013లోనే లేబుళ్ళ మీద తేనెటీగ బొమ్మతో హెచ్చరిక పెట్టించారు. అక్కడి ఈగకు ఉన్న రక్షణ నూజివీడు ఈగకు ఎందుకు ఉండకూడదు? చట్టం అడిగేదాకా ఆగాల్సిన పనేమీ లేదు. ఒక బొమ్మ, ఒక తెలుగు వాక్యం అచ్చు వేయడానికి మీకు ఎవరి అనుమతి కావాలి? కావాల్సి వస్తే ఆ అనుమతి అడిగిన కాగితమైనా చూపించండి.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. పూతలో ఉన్న ఏ పంట మీదా మీ సిబ్బంది ఇకపై డెమో పెట్టకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి, ఆ నకలు నాకు, మా రైతు సేవా కేంద్రానికి పంపండి. "ఈ మందు తేనెటీగలను చంపుతుంది, పూత మీద కొట్టవద్దు" అన్న వాక్యం ప్యాకెట్ ముందువైపు, మోతాదు రాసినంత అక్షరాల్లో, తెలుగులో, తేనెటీగ బొమ్మతో వేయండి. రంగు త్రికోణం చూపించి మందు ప్రమాదకరం కాదని చెప్పే అలవాటును మీ ఫీల్డ్ ఆఫీసర్లకు, డీలర్లకు మాన్పించండి. మీ కస్టమర్ కేర్‌లో తేనెటీగల ఫిర్యాదు రాసుకునే కాలమ్ పెట్టండి. నా 13 పెట్టెల నష్టం, ఈ సీజన్‌లో రాబోయే తేనె నష్టం కలిపి లెక్క వేసి జతపరిచాను, ఆ మొత్తం చెల్లించండి. ట్యాంకులు కడిగిన బోదె నీటిని పరీక్ష చేయించి ఫలితం పంచాయతీకి ఇవ్వండి.

బాబాయి కొన్న మందు బిల్లు, బ్యాచ్ నంబరు కనపడేలా ప్యాకెట్ ఫోటో, డెమో కోసం మీవాళ్ళు ఊళ్ళో పంచిన కరపత్రం కూడా పంపుతున్నాను. ఈ ఉత్తరం నకలు మండల వ్యవసాయ అధికారికి, పురుగుమందుల తనిఖీ అధికారికి ఇచ్చాను. 30 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. ఫోన్‌లో చెప్పే సమాధానాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇట్లు,
తేనెటీగల పెంపకందారు,
నూజివీడు ప్రాంతం.