జాతక చక్రం వేసిచ్చినందుకు ఇకపై డబ్బు తీసుకోం

మా దగ్గర జాతకాలు చూపించుకునేవారికి నమస్కారం. ఈ నెల నుంచి రాశి చక్రం, నవాంశ (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం), దశల పట్టిక (ఏ గ్రహం వంతు ఏ ఏళ్లలో నడుస్తుందో చూపేది) ఉచితం. పంచాంగం ముందేసుకుని గంటల తరబడి గుణించిన పనిని ఇప్పుడు కంప్యూటరు క్షణంలో చేస్తోంది. పాత రేటు మీ దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు. జాతక పరిశీలనకు, ముహూర్తానికి రుసుము మునుపటిలాగే ఉంటుంది.

చాలామంది ఏఐ చెప్పిన జాతకాన్ని ఫోన్లో తెచ్చి చూపిస్తున్నారు. తేవచ్చు. అయితే జ్యోతిష సాఫ్ట్‌వేర్ గ్రహస్థానాలను లెక్కగడుతుంది. చాట్‌బాట్ వెనక అలాంటి లెక్క లేకపోతే, అది చదివిన రాతల్లోంచి నమ్మేలా వాక్యాలు అల్లుతుంది. చంద్రుణ్ణి పక్క నక్షత్రంలో పెట్టి, ఆ తప్పు మీదే రెండు పేజీల ఫలితం రాసేస్తుంది.

అసలు చిక్కు అయనాంశ దగ్గర. పాశ్చాత్యుల సాయన పద్ధతి రాశులను విషువత్తు నుంచి లెక్కిస్తుంది, మన నిరయనం నక్షత్రాలను బట్టి. రెండింటికీ ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా, దాన్నే అయనాంశ అంటాం. వాళ్లకు సూర్యుడు మార్చి 21 ప్రాంతంలోనే మేషంలోకి వస్తాడు, మనకు ఏప్రిల్ 14 ప్రాంతంలో. ఏఐ ఈ రెండింటినీ కలిపేస్తుంటుంది. నిరయనంలోనూ ఆ తేడాను ఒక్కొక్కరు ఒక్కోలా గుణిస్తారు, లాహిరి, రామన్ అయనాంశల మధ్య దాదాపు డిగ్రీన్నర తేడా ఉంది. శుక్ర దశ 20 ఏళ్లను నక్షత్రంలోని 13 డిగ్రీల 20 నిమిషాలకు పంచితే ఒక్క డిగ్రీకే ఏడాదిన్నర. అందుకే శుక్రుడి నక్షత్రమైన భరణిలో పుట్టినవారికి దశాశేషం, అంటే పుట్టేనాటికి ఆ దశలో మిగిలిన కాలం, రెండేళ్లకు పైగా మారిపోతుంది. "యాప్‌లో దశ వేరేగా ఉందేమండీ" అని అడిగేవారు ముందు అయనాంశ చూడండి. మేం వాడేది లాహిరి, చక్రం కింద రాసే ఇస్తాం.

అమెరికాలో వేసవిలో పుట్టిన పిల్లలకు, అక్కడ వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపిన గంట తీసేయకపోతే లగ్నం (పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి స్థానం) సుమారు 15 డిగ్రీలు తప్పుతుంది. మన దేశంలోనూ 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య వరకు గడియారాలు గంట ముందుండేవి. పెద్దల జాతకాలకు అదీ చూడాలి. పుట్టిన సమయం ఆస్పత్రి కాగితం చూసి పంపండి. "ఆరింటి ప్రాంతంలో" అంటే నవాంశ లగ్నం చెప్పలేం, అది సుమారు 13 నిమిషాలకే మారుతుంది.

పెళ్లి పొంతనలో 36 గుణాల లెక్క యంత్రమే వేస్తుంది. కానీ అందులో ఒకటైన నాడి పొంతనకు 8 గుణాలు పోయాయని సంబంధం వదులుకోకండి. నక్షత్రం ఒకటే అయి పాదాలు వేరైతే దోషం లేదని చెప్పే అపవాదాలున్నాయి. అలాంటివి సిద్ధాంతిగారే చూస్తారు.

మేమూ ఏఐ వాడుతున్నాం, సిద్ధాంతిగారు నోటితో చెప్పిన ఫలితాన్ని రాతలో పెట్టడానికి. పేరు, పుట్టిన వివరాలు దానికి ఇవ్వం. రాసిందాన్ని ఆయన చదివి దిద్దాకే మీకు పంపుతాం. అందుకే రెండు రోజులు పడుతుంది.