చిన్నాయనా, ముందు కొలత పంపు

కెమ్నిట్స్, జర్మనీ

చిన్నాయనకు, చిన్నమ్మకు నమస్కారాలు. నేను ఇక్కడ బాగుండా. జేజికి మోకాళ్ల నొప్పులు కొంచెం తగ్గినాయని నాయన ఫోన్లో చెప్పినాడు. సంతోషం.

నువ్వు పంపిన ఫొటో చూసినా. నీ పెద్ద బాకా, అదే ట్యూబాలో, ఊదే చోట పెట్టే మౌత్‌పీసు ఊగకుండా దాని కాడకు కాగితం చుట్టి, పైన దారం కట్టి, గొడ్డలి కామకు గుడ్డపీలిక చుట్టి బిగించినట్టు బిగించినావు. "ట్యూబా పుట్టిన దేశంలో ఉండావు, మంచి జర్మన్ మౌత్‌పీసు, శానా పెద్దది, చూసి పంపు" అని రాసినావు. పుట్టింది ఇక్కడే, నిజమే, 1835లో బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్నారు. అయితే జర్మన్ పేరు చూసి కొంటే నీ బాకాకు పడుతుందని లేదు. కొలత రాకుండా నేను ఏదీ కొనను. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదువు.

బాకాలోకి దిగే ఆ కాడను షాంక్ అంటారు. అది దిగే గొట్టం రిసీవర్. రెండూ ఏటవాలుగానే ఉంటాయి: సుమారు 20 మి.మీ. పొడవుకు 1 మి.మీ. లావు పెరుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే కాడలు రెండు రకాలు. కొన దగ్గర బయటి అడ్డకొలత సుమారు 13.3 మి.మీ. ఉంటే అమెరికన్, సుమారు 14 ఉంటే యూరోపియన్. పాత ఇంగ్లిష్ బాకాలకైతే ఇంకా సన్నంగా ఉంటుంది. 13.3కూ 14కూ తేడా ఎంత? కంటికి ఆనదు. కానీ ఆ వాలు లెక్కన చూడు, 0.7 మి.మీ. లావు తేడా లోతులో 14 మి.మీ. అయి కూర్చుంటుంది. యూరోపియన్ కాడను అమెరికన్ రిసీవర్లో పెడితే సగం దారిలోనే ఆగిపోతుంది. అమెరికన్ కాడను యూరోపియన్ రిసీవర్లో పెడితే లోపలికి జారిపోయి, అవతలి గొట్టం అంచుకు కొట్టుకుంటుంది. పక్కలు పట్టవు, నువ్వు ఎంత తట్టినా ఊగుతానే ఉంటుంది. నీది ఈ రెండో రకం అని నా అనుమానం.

18 అడుగుల గొట్టానికి ఈ అర అంగుళం ఒక లెక్కా అంటావేమో. లెక్కే. మౌత్‌పీసు పక్కన పెడితే, మొత్తం బాకా గొట్టంలో అన్నిటికంటే సన్నని చోటు అదే. అక్కడ గాలి పక్కకు పోయినా, కాడ కొనకూ గొట్టానికీ మధ్య సందు మారినా పైస్వరాలు నిలబడవు, పైస్థాయి ఒక తీరు, కిందిస్థాయి ఒక తీరు పలుకుతాయి. మెరవణిలో క్లారినెట్ వాళ్లు నీ వైపు తిరిగి చూస్తున్నారంటే తప్పు నీ పెదవిది కాకపోవచ్చు. నీ బాకా మీరట్ నుంచి వచ్చింది, దాంతో వచ్చిన మౌత్‌పీసు ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది ఇంకొకరిది. అందుకే పేర్లు చూసి చెప్పలేము, కొలవాల్సిందే.

ప్రొద్దుటూరులో ఏ లేత్ షాపులోనైనా వెర్నియర్, అదే సన్న కొలతలు తీసే సాధనం, ఉంటుంది. బాకా, మౌత్‌పీసు రెండూ తీసుకుపో. కాగితం, దారం అంతా పీకేసి కాడ కొనను కొలిపించు. రిసీవర్ నోటిని లోపల అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవమను. రెండూ ఒకటి కాకపోతే ఎప్పుడో కిందపడి నొక్కుకుపోయిందని అర్థం. అప్పుడు కొత్త మౌత్‌పీసు పెట్టినా లాభం లేదు, ముందు దాన్ని గుండ్రం చేయించాల. ఇంకొకటి చెయ్. కాడ మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, మెల్లగా దించి, ఒక్క చుట్టు తిప్పి బయటికి తియ్. చుట్టూ సమానంగా, పొడవునా గీసుకుంటే వాలు కలిసినట్టు. పైన ఒక పట్టీగానో, కొన దగ్గర మాత్రమేనో గీసుకుంటే కలవనట్టు. కాడ ఎంత లోతు దిగిందో కూడా కొలువు. కుదిరిన కాడ దాదాపు 25 మి.మీ. దిగుతుంది.

ఇక పెద్దది కావాలన్న మాట. మౌత్‌పీసులు చేసే బాక్ కంపెనీ వాళ్ల నంబర్లు తలకిందులుగా ఉంటాయి, నంబరు పెరిగే కొద్దీ పెదవులు ఆనించే కప్పు చిన్నది. 18 అంటే లోపలి అడ్డకొలత 32.6 మి.మీ., 24ఏడబ్ల్యూ అంటే 31.25. మన బ్యాండు పిల్లోళ్లు ఎవరో చెప్పిన హెల్లెబర్గ్ మౌత్‌పీసు అంటే అమెరికాలో పేరున్న సూసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరు మీద వచ్చింది. గరాటు మాదిరి లోతైన కప్పు, కింది స్వరం గంభీరంగా పలుకుతుంది. హాల్లో కూర్చుని వాయించేవాళ్లకు నేను అదే చెప్తా. నీకు చెప్పను. దాని అంచు సన్నం. దసరా తొట్టి మెరవణికి రాత్రంతా నిలబడి, నడిచి వాయించేవాడివి, పైపళ్లు రెండు కట్టించుకున్నావు. నీకు 24ఏడబ్ల్యూ మాదిరి వెడల్పు అంచు మేలు, పెదవి మీద ఒత్తిడి పరుచుకుంటుంది. కప్పు పెద్దదైతే గాలి కూడా ఎక్కువ అడుగుతుంది, అదీ గుర్తు పెట్టుకో.

పోయిన నెల మార్క్‌నాయ్‌కిర్షెన్ పోయొచ్చినా. ఊరు ఊరంతా వాయిద్యాలు చేసేవాళ్లే. అక్కడి మ్యూజియంలో రెండు మీటర్లు దాటిన ట్యూబా ఉంది, నువ్వు చూసుంటే దాని పక్క నుంచి కదిలేవాడివి కాదు. కొట్లో అడిగితే ఒకే కప్పు రెండు రకాల కాడలతోనూ తీసి బల్ల మీద పెట్టినారు. అందుకే ఈ కొలత గోల.

ఫొటోలో అంచు మీద వెండిపూత పోయి ఇత్తడి తేలింది. పెదవి మీద పుండు మానలేదని చిన్నమ్మ చెప్పింది, దీనివల్లే అయ్యుండొచ్చు. నేను పంపేది వచ్చేదాకా ప్లాస్టిక్ మౌత్‌పీసు ఒకటి తెప్పించుకో, తక్కువలో వస్తుంది. ఇక్కడ డిసెంబరు చలిలో వీధుల్లో వాయించేవాళ్లు అదే వాడతారు, మీకు మే నెల ఎండలో పెదవి కాలకుండా పనికొస్తుంది. అది కొనేటప్పుడూ కాడ కొలత అడుగు. మౌత్‌పీసు ఇరుక్కుంటే మాత్రం పిల్లోళ్లను పట్టకారు పట్టనీయొద్దు, గొట్టం మెలి తిరిగిపోతుంది. దానికి పుల్లర్ అని వేరే సాధనం ఉంది, మౌత్‌పీసుతో పాటు పంపిస్తా.

మన వీధి అబ్బాయి జనవరిలో సంక్రాంతికి వస్తున్నాడు. వాడి పెట్టెలో పెట్టి పంపాలంటే కొలతలు డిసెంబరు మొదట్లో నాకు చేరాల. మార్కర్ గీతలు కనపడేట్టు కాడను వెలుతురులో పెట్టి దగ్గర నుంచి ఫొటో తియ్యమను.

ఇట్లు,
మీ పెద్దోడు