చంద్రోదయం ఎన్నింటికో కూడా వేయండి

సంపాదకులకు,

నమస్కారం. ఆశ్వయుజం వచ్చిందంటే ఆదివారం అనుబంధాల్లో ఒకటే వరస. మీకోసం మీరు కాస్త సమయం పెట్టుకోండి, రెండ్రోజులు అరకు వెళ్లి రండి, రోజుకో గంట మీకిష్టమైన పని చేసుకోండి. మంచి మాటలే. కానీ మంచం పట్టిన అత్తగారు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ఏడింటికల్లా క్యారేజీ పట్టుకుని బయల్దేరే మనిషి ఉన్న ఇంట్లో ఆ గంట ఎక్కణ్నుంచి తేవాలో ఏ వ్యాసమూ చెప్పదు. మా శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఆశ్వయుజ, కార్తీకాలు ఈ రెండు నెలల సుఖాలు పనికి బయట ఎక్కడో ఉండవు. ఎండబెట్టడం, ఏరడం, వత్తులు చేయడం, వలిచి తినిపించడం, వీటిలోనే ఉంటాయి. అవెలా అందుతాయో, ఎక్కడ చెడతాయో తెలిసినంత రాస్తున్నాం. చివర ఒక విన్నపం ఉంది, అది మీకే.

ముందు ఎండ. అక్టోబరు నడుమ మన వైపు పొద్దు సుమారు 5:50కి పొడిచి 5:30కి గూకుతుంది. నవంబరు నడిమికి సాయంత్రం 5:15కే దీపం పెట్టాల్సి వస్తుంది. వానాకాలమంతా చెమ్మ పీల్చిన బొంతలు, బూరుగుదూది దిండ్లు ఆరడానికి చేతిలో ఉన్న వ్యవధి తొమ్మిది నుంచి మూడు దాకానే. పన్నెండింటికి ఒకసారి తిరగెయ్యాలి, కర్రతో నాలుగు దెబ్బలు వెయ్యాలి, మూడున్నర దాటకుండా లోపలికి తెచ్చేయాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇంకా వెలుతురుంది కదా అని ఐదు దాకా మేడమీదే వదిలేస్తే, పొద్దంతా ఆరిన దూది సాయంత్రపు చెమ్మను మళ్లీ పీల్చుకుంటుంది. రాత్రి తల పెట్టగానే ముక్కవాసన. బేగి తెచ్చిన దిండుకైతే ఎండ వాసన పడుకునేదాకా ఉంటుంది. పైసా ఖర్చు లేనిది అదొక్కటే.

కందిపప్పుకు పురుగు పడితే పలచగా పరిచి రెండు ఎండలు చాలు. అయితే వేడివేడిగా డబ్బాలో పోయకండి. మూత లోపల నీటిబొట్లు పట్టి వారానికల్లా బూజు వస్తుంది. పూర్తిగా చల్లారాక పోయాలి. బియ్యాన్ని మాత్రం ఎండలో పెట్టకూడదు. గింజ చిట్లి అన్నం నూకనూకగా అవుతుంది. గాలాడే నీడలో గుడ్డ మీద ఆరబోస్తే సరి. పట్టుచీరలకూ నీడే, పాత మడత విప్పి కొత్త మడత వెయ్యాలి.

ఇక మనుషులకు ఎండ. అరసవల్లిలో అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే వేళ జనం ఎంతమంది వస్తారో మీ పేపరే రాస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఆ క్యూలోకి తీసుకెళ్లడం సాహసం. మబ్బు పడితే ఆ కాస్తా కనబడదు కూడా. అదే పొద్దు ఇంట్లోనూ నడుస్తుంది. ఈ నెలల్లో సూర్యుడు రోజురోజుకీ దక్షిణానికి జరుగుతాడు కాబట్టి, ఎండాకాలంలో గుమ్మం దాటి రాని వెలుగు దక్షిణపు కిటికీలోంచి గది నడిమిదాకా వస్తుంది. మంచం పట్టిన మనిషి ఉంటే మంచాన్ని పదిహేను రోజులకోసారి మూరెడు జరిపితే చాలు, పాదాల మీద ఎండ పడుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టేటప్పుడు ముఖం ఆ వైపు వచ్చేలా చూడండి. పొద్దున్న ఏడింటి ఎండలో డి విటమిన్ బాగా వస్తుందని అంటుంటారు. ఆ లేత ఎండతో ఆ పని పెద్దగా జరగదు, ఒళ్లు వెచ్చబడుతుంది. అదీ తక్కువేం కాదు.

పారిజాతం చెట్టున్న ఇంటికి పొద్దున్నే ఇంకో కానుక. పూలు రాత్రి విచ్చి తెల్లవారకముందే రాలిపోతాయి. పడుకోబోయే ముందు చెట్టుకింద పాత ధోవతి ఒకటి పరిచి ఉంచితే ఆరింటికి నాలుగు కొసలూ పట్టి ఎత్తేయవచ్చు. నేలమీంచి ఒక్కొక్కటి ఏరితే మట్టి అంటుతుంది, నడుం పట్టేస్తుంది, పిల్లలు రెండో రోజు రామంటారు. రేకులు తెల్లగా, కాడ కాషాయంగా, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి కాడ కిందికి ఉండేలా తేలించి పెద్దవాళ్ల మంచం పక్కన పెట్టండి. తొమ్మిదికల్లా వడలిపోతాయి. పొద్దుటి మందులు, ఫలహారం అయ్యేదాకా ఉంటాయి, అంతకన్నా ఏం కావాలి?

సీతంపేట ఏజెన్సీ సీతాఫలాలు సంతల్లోకి దిగేదీ ఇప్పుడే. కన్నుల మధ్య గీతలు విచ్చుకుని తెల్లగానో లేత పసుపుగానో కనిపించే కాయ తీసుకోవాలి. గీతలు దగ్గరగా, ఆకుపచ్చగానే ఉన్న కాయ ఎన్నాళ్లు పెట్టినా మెత్తబడి కుళ్లుతుందే కానీ తీపెక్కదు. కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో రెండ్రోజులుంచితే పండుతుంది. పండకముందే ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడి గుజ్జు గట్టిపడుతుంది. పళ్లు లేని పెద్దలకు ఇంతకన్నా హాయైన పండు లేదు. గింజలు మాత్రం మీరే తీసి గుజ్జు చెంచాతో పెట్టండి, చంటిపిల్లలకైతే మరీ. పేలకని ఆ గింజలు నూరి తలకు పట్టించే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పుండవుతుంది, దయచేసి మానండి. షుగరున్నవారికి చిన్న కాయలో సగం, అదీ అన్నం తిన్న వెంటనే కాదు.

కార్తీకం అనగానే ఉసిరి. నిల్వ పచ్చడికి కిలో కాయలకు 400 గ్రాముల నువ్వులనూనె, 150 గ్రాముల ఉప్పు, అంతే కారం, 50 గ్రాముల ఆవపిండి, 20 గ్రాముల మెంతిపిండి, ఆరు నిమ్మకాయల రసం. కాయలు కడిగి పొడిగుడ్డతో తుడిచి రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వాలి. తొడిమ దగ్గర గుంటలో నీళ్లు నిలుస్తాయి, బూజు మొదలయ్యేది అక్కడే. ఒక్కో కాయకు మూడు నాలుగు గాట్లు పెట్టి సగం నూనెలో సన్నసెగ మీద మగ్గించాలి. మూత పెట్టకూడదు, మూత చెమర్చి నీరు కాయల మీద పడుతుంది. గాట్లు విచ్చుకుని పుల్ల గుచ్చితే సులువుగా దిగాక దించేయాలి. మిగతా నూనె కాచి, ఇంగువ వేసి, పూర్తిగా చల్లారాకే కారం, ఆవ, మెంతి, ఉప్పు కలపాలి. వేడి నూనెలో పడితే కారం నల్లబడుతుంది, ఆవ చేదెక్కుతుంది. నిమ్మరసం ఆఖరున. జాడీలో పెట్టి మూడో రోజు తిరగగలిపి ఉప్పు చూసుకోవాలి. నూనె పైకి తేలకపోతే ఇంకో 50 గ్రాములు కాచి చల్లార్చి పోయండి.

బీపీ ఉన్నవారికి ఈ జాడీ కుదరదు. ఉప్పు తగ్గిస్తే పచ్చడే నిలవదు. వాళ్లకు విడిగా, ఆరు కాయలు ఇడ్లీ పళ్లెంలో పది నిమిషాలు ఆవిరి పడితే తొనలు వాటంతటవే విడిపోతాయి. వేయించిన నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, గుప్పెడు కొత్తిమీర, చిటికెడు ఉప్పుతో రుబ్బి ఇంగువ పోపు పెడితే పులుపు ఉప్పు లోటును చాలావరకు కప్పేస్తుంది. ఫ్రిజ్‌లో రెండ్రోజులు ఉంటుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడ ఉప్పొక్కటే కాదు, పొటాషియం లెక్క కూడా ఉంటుంది. చెట్టునే ఉన్నాయి కదా అని కొబ్బరిబొండాం నీళ్లు పట్టడం ఆ మనిషికి ప్రమాదం. ఏ పండు ఎంతన్నది చూసే డాక్టరు చెప్పాలి.

ఉపవాసాల గురించి ఒక మాట. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేది ఒకరు, పొయ్యి మీద వంట మూడు రకాలు: ఉపవాసికి ఫలహారం, పిల్లలకు క్యారేజీ, పెద్దాయనకు గొంతు దిగేంత జావ. భక్తికి మేం అడ్డు కాదు. కానీ ఆ రోజు ఇల్లంతా పెసరపప్పు కిచిడీ తింటే ఏ దేవుడూ కోపగించుకోడు. షుగరు మాత్రలు వేసుకునేవారు మాత్రం ఉపవాసం రోజు మాత్ర సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. తిండి లేకుండా మాత్ర వేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలా అయితే శివుడి దాకా ఆగక్కర్లేదు, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అట్లతద్దికి పిండి ముందురోజే నానాలి. రాత్రుళ్లు చల్లబడుతున్న కొద్దీ పులవడానికి సమయం పెరుగుతుంది. ఎండాకాలంలో ఆరు గంటలకే పొంగే పిండికి నవంబరులో పది పన్నెండు గంటలు పడుతుంది. అందాకా ఆగలేక సోడా వేసేవారున్నారు, రుచి పోతుంది. గోరింటాకుకు అరచేతికి నూనె జిడ్డు లేకుండా కడుక్కోవాలి, పొద్దున్న తీశాక సబ్బు పెట్టకూడదు. నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లు కొనకండి, వాటిలో కలిపే రంగుకు కొందరికి బొబ్బలు లేస్తాయి. మంచంలో ఉన్న ముసలమ్మకు అరచేతిలో ఒక్క చందమామ పెట్టి చూడండి, పది రోజులు చెయ్యి చూసుకుంటూనే ఉంటారు.

కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట బజారులో దొరుకుతుంది. కానీ ఇంట్లో కూర్చుని ఉండే పెద్దమనిషికి ఇంతకన్నా తగిన పని దొరకదు. దసరా మర్నాటి నుంచి రోజుకు పదకొండు చేస్తే పౌర్ణమికి లెక్క సరిపోతుంది. గింజ తీసిన పత్తిని సాగదీసి, వేళ్లకు కాస్త విభూతి రాసుకుంటే జారకుండా పురి పడుతుంది. వణికే చేతులకు సన్నటి వత్తి రాదు, రానివ్వండి లావుగానే. వెలిగించే రోజు కట్టను రెండు మూడు గంటలు నేతిలో నాననివ్వాలి. అన్నీ ఒక్కసారి అంటుకుంటే మంట జానెడు పైకి లేస్తుంది. కాబట్టి దేవుడి గదిలో కాదు, పెరట్లో వెడల్పాటి మట్టి మూకుడులో, పక్కన బకెట్టు నీళ్లతో. నూలు చీర, కొంగు నడుముకు చెక్కుకుని.

కార్తీకం చివరికొచ్చేసరికి తేగలు మొదలు. సగానికి విరిచి ఉప్పు, పసుపు వేసి కుక్కర్లో ఐదు కూతలు రానిస్తే తంపటి రుచి రాకపోయినా తినేలా ఉంటాయి. పీచు పెద్దవాళ్లకు అరగదు. చీల్చగానే లోపల దొరికే మెత్తటి చందమామ వాళ్లకు, మిగతాది పిల్లలకు.

ఊరు దాటాలంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం చాలు. సెప్టెంబరు నుంచి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. సాయంత్రం నాలుగుకల్లా చేరితే మేత నుంచి తిరిగొచ్చేవి కనిపిస్తాయి. ఆటో దిగి పెద్దగా నడవక్కర్లేదు. విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను మంగళవారం జనంలో ముసలివాళ్లనీ పసివాళ్లనీ తిప్పడం కష్టం, ఆ ముందో వెనకో అమ్మవారి దర్శనం చేయిస్తే మేలు.

ఇవన్నీ తుఫాను కనికరిస్తేనే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ తీరం దాటింది అక్టోబరు 11, 12 తేదీల్లోనే. అందుకే దసరా సామానుతో పాటే పదిహేను రోజుల మందులు, టార్చి బ్యాటరీలు తెచ్చుకోవాలి. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాను కవరులో కట్టి చిన్న గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచండి.

ఇప్పుడు విన్నపం. తుఫాను హెచ్చరికా, ఉత్సవ వార్తా మీరు బాగానే వేస్తున్నారు. ఆశ్వయుజ కార్తీకాలు రెండు నెలలూ జిల్లా పేజీలో నాలుగంగుళాల గడి ఒకటి ఇవ్వండి. ఆ రోజు పొద్దు పొడిచేది, గూకేది, మధ్యాహ్నం వాన ఉందా లేదా, సంతలోకి కొత్తగా ఏ కాయ దిగింది, కిలో ఎంత. అట్లతద్దినాడు చంద్రోదయం ఎన్నింటికో శ్రీకాకుళానికి లెక్కగట్టి వేయండి. తదియ చంద్రుడు పొద్దుగూకాక గంటన్నర, రెండు గంటలకు గానీ రాడు. వేరే ఊరి పంచాంగం చూసుకుని, పొద్దున్నుంచి ఏమీ తినని ఆడపిల్లలు మేడమీద పడిగాపులు పడుతున్నారు. అక్షరాలు కాస్త పెద్దవి వేయించండి, ఆ గడి ఎక్కువగా చదివేది కళ్లజోడు ఎక్కడ పెట్టామా అని వెతుక్కునేవాళ్లే.

ఇట్లు,
ఇంటిపట్టున పెద్దలనూ పిల్లలనూ చూసుకునే కొందరు పాఠకులం,
శ్రీకాకుళం