మంత్రి కుర్చీలో మొఘల్ చరిత్రకారుడు

రవీ,

నీ ఉత్తరం అందింది. "చదువుకున్నవాడి చేతిలో విద్యాశాఖ పెడితే దేశం ఎప్పుడో బాగుపడేది" అని తీర్పు చెప్పేశావు. అలాంటివాడు మనకు ఒకసారి దొరికాడు కదరా! సయ్యద్ నూరుల్ హసన్. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి అలీగఢ్‌లో చరిత్ర చెప్పిన ఆచార్యుడు. 1972 నుంచి 1977 దాకా ఇందిరాగాంధీ ప్రభుత్వంలో విద్యాశాఖ ఆయనదే. హోదా మాత్రం సహాయ మంత్రి, స్వతంత్ర బాధ్యతతో.

ఆయన అసలు అభిమాన విషయం మొఘలుల కాలపు భూసంబంధాలు. జమీందారులందరినీ ఒకే గాటన కట్టొద్దంటాడు. పైన సొంతంగా ఏలుకునే నాయకులు, మధ్యలో శిస్తు వసూలు చేసి ఖజానాకు చేర్చేవారు, అడుగున నేల మీదే హక్కున్న జమీందారులు. అంటే పాదుషా ఫర్మానా పొలం గట్టు దాకా వెళ్లాలంటే ఇంతమందిని దాటుకుని వెళ్లాలన్నమాట. ఇంత తెలిసిన మనిషికి మంత్రయ్యాక ఎదురైందీ అదే! బడులేమో రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. 10+2+3 పద్ధతి, అంటే పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ, దేశమంతటా రావాలని ఈయన పట్టుబట్టాడు. కొన్ని రాష్ట్రాలు వెంటనే సరేనన్నాయి, కొన్ని తాపీగా కదిలాయి. చివరికి 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల చోటికి వచ్చింది. ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా జరిగిన పని అది. ఆయన మీద నాకెంత గౌరవమున్నా ఇది మాత్రం మింగుడుపడదు.

మన హైదరాబాదుకు మాత్రం ఆయన హయాం కలిసొచ్చింది. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరవాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకటి. 1974లో చట్టమైంది. మొదట్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే తరగతులు నడిచాయి. ఉద్యమాల వేడి మీద పుట్టిన ఒప్పందం కాగితాల్లోనే ఉండిపోకుండా తరగతి గది దాకా వచ్చిందంటే చిన్న విషయం కాదు.

భారత చరిత్ర పరిశోధన మండలి కూడా 1972లో ఆయన హయాంలోనే వచ్చింది. తొలి అధ్యక్షుడు ప్రాచీన భారత చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ. నూరుల్ హసన్ వామపక్షం వాళ్లకే పెద్దపీట వేశాడని విమర్శకులు గోల పెట్టారు, అందులో కొంత నిజం లేకపోలేదు. తరవాత జనతా ప్రభుత్వం వచ్చి 1978లో శర్మ గారి ప్రాచీన భారత పాఠ్యపుస్తకాన్నే ఉపసంహరించింది. పాఠం ఢిల్లీ చేతిలో ఉంటే వచ్చే తంటా ఇదే: వేసే చెయ్యీ అదే, చింపే చెయ్యీ అదే.

ఆ తరవాత హసన్ మాస్కోలో రాయబారి, ఒడిశా, బెంగాల్ గవర్నరు, 1993లో కలకత్తాలో మరణం. పదవులకేమీ లోటు లేదు. నా బాధల్లా రాయాల్సినంత రాయలేదనే. మొఘల్ వ్యవసాయ సంబంధాల మీద చిన్న పుస్తకం 1973లో, మంత్రిగా ఉండగానే వచ్చింది. నా దగ్గర ఉంది, పంపిస్తాను. కానీ నీకిచ్చిన పుస్తకం తిరిగి వచ్చిన దాఖలా చరిత్రలో లేదు కాబట్టి, ముందు నా పాతవి పంపు.

నీ
శ్రీనివాస్