ఇకమీదట స్క్రీన్‌షాట్ చూసి చీర పంపను

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా నా దగ్గర వాట్సాప్‌లో మంగళగిరి చీరలు తీసుకుంటున్న మీకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది. గత నెల రెండు పట్టు చీరలు మోసపోయి ఇచ్చేశాను. 9,400 రూపాయలు.

కొత్త నంబర్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. ఇంట్లో నిశ్చితార్థం, అర్జెంటు అన్నారు. బేరం ఆడలేదు. అంచు ఎంత వెడల్పో కూడా అడగలేదు, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పేమెంట్ స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆకుపచ్చ టిక్కు, నా పేరు, 12 అంకెల లావాదేవీ నంబరు, అన్నీ ఉన్నాయి. వెంటనే డబ్బు జమ అయినట్టు ఎస్సెమ్మెస్ కూడా వచ్చింది. అప్పటికే పార్సిల్ అబ్బాయి బండితో గుమ్మం ముందు నిలబడి తొందరపెడుతున్నాడు. ఇచ్చేశాను. రాత్రి లెక్క రాసుకుంటూ బ్యాంకు యాప్ తెరిస్తే ఆ డబ్బు లేనే లేదు. ఎస్సెమ్మెస్ మళ్లీ చూస్తే మామూలు పది అంకెల ఫోన్ నంబరు నుంచి వచ్చింది. బ్యాంకు నుంచి వచ్చేదానికి పంపినవారి చోట అక్షరాలుంటాయి.

నేతన్నకు ఇవ్వాల్సింది మాత్రం ఇచ్చేశాను. ఆయన గుంట మగ్గంలో ఎన్ని రోజులు కూర్చుంటే ఆ చీర దిగిందో నాకు తెలుసు.

రెండు వారాలకే ఇంకొకరు ఫోన్ చేసి, 1,500 బదులు 15,000 పంపేశాను, మిగతాది తిప్పి పంపండమ్మా అని ఏడ్చారు. ఈసారి ముందు యాప్ చూశాను. ఏమీ రాలేదు. ఒకవేళ నిజంగా వచ్చినా నేను సొంతంగా తిప్పి పంపను, వాళ్ల బ్యాంకులోనే చెప్పుకోమంటాను. అది ఎక్కడో దోచిన సొమ్మైతే నా ఖాతాను బ్యాంకు ఆపేయొచ్చు.

అందుకే ఇకనుంచి నా ఖాతాలో డబ్బు కనిపించాకే చీర ప్యాక్ చేస్తాను. పాతవాళ్లకూ, చుట్టాలకూ ఇదే పద్ధతి. దయచేసి మిమ్మల్ని అనుమానిస్తున్నానని అనుకోకండి. అమెరికా నుంచి అర్ధరాత్రి డబ్బు పంపేవాళ్లకు పొద్దున్నే జవాబిస్తాను.

మీరూ జాగ్రత్త. నా ఫొటోలు పెట్టి ఎవరైనా అమ్మొచ్చు, పిన్ కొట్టేముందు అక్కడ కనిపించే పేరు నాదేనా అని చూడండి. చీర వాపసు చేసినప్పుడు డబ్బు నేనే పంపుతాను. మీరు పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఎవరైనా అలా అడిగితే అది నేను కాదు. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను సిగ్గుపడి ఒక రోజు ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పు మీరు చేయకండి.

పోయినవాటిలో నెమలికంఠం రంగు చీర ఒకరు ముందే అడిగి ఉంచారు, వారికి క్షమాపణలు. అదే రంగుది మగ్గం మీద ఉంది, వచ్చే వారం దిగుతుంది. మొదట వారికే ఫొటో పెడతాను.