ఫైనల్ తేదీ ముందే తెలుసు, పరీక్ష తేదీయే తెలియదు

సంపాదకుడికి,

ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినన్నాళ్లూ కళాశాల హాస్టళ్లలో టీవీ గదులకు తాళం వేయాలని ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. పిల్లలు చదువు మరిచి తెల్లవార్లూ ఆట చూస్తున్నారని ఆయన బాధ. అది తండ్రి బాధ, కాదనను. కానీ 20 ఏళ్లుగా గణితం చెబుతూ, అందులో కొన్నేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా పనిచేసినవాణ్ని కాబట్టి ఆ తాళం సంగతి నాకు కొంత తెలుసు. 2018లో, రష్యాలో టోర్నీ జరుగుతున్నప్పుడు, దాన్ని నేనే వేశాను.

ఆ రాత్రి వరండాలో నడుస్తుంటే ప్రతి కిటికీలోనూ నీలి వెలుగు. దుప్పటి కింద ఒక్కొక్కరికీ ఒక్కో ఫోను. అన్ని ఫోన్లలోనూ ఆట ఒకేసారి నడవదు, ఒకదానికీ మరొకదానికీ అర నిమిషం తేడా ఉంటుంది. ఈ చివరి గదిలో ‘గోల్’ అన్న కేక వినబడగానే, ఆ చివరి గదిలో బంతి ఇంకా మైదానం మధ్యలో ఉండగానే ఎవరో నెత్తి పట్టుకుంటారు. ఆట అయిపోయాక కూడా ఫోను చేతిలోనే ఉంటుంది. అది ఇంకో గంట మింగేస్తుంది. టీవీ గదిలో అయితే చివరి ఈల మోగగానే నేనే దీపం ఆర్పి అందరినీ గదులకు పంపేవాణ్ని. మూడో రోజున తాళం తీసేశాను.

ఫోనులో ఉన్నదీ టీవీ గదిలో లేనిదీ మరొకటి ఉంది. పందెం. తర్వాతి కార్నర్ కిక్ ఏ జట్టుకు దక్కుతుందన్న దాని మీద డబ్బు కాసి, పరీక్ష ఫీజు పోగొట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డ విద్యార్థి ఇప్పటికీ గుర్తున్నాడు. తాళం పడాల్సింది అక్కడ.

కలిసి చూడటంలో ఏముందని అడిగేవారికి 2014 చెబుతాను. జూలై 8, బెలో హొరిజాంటెలో బ్రెజిల్, జర్మనీ సెమీఫైనల్. గది కిక్కిరిసి ఉంది. అరువు తెచ్చుకున్న పసుపు జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు, బ్రెజిల్ ఒక గోలు వెనకబడి ఉండగా సీసాలో నీళ్లు నింపుకోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి 5–0. ఆరు నిమిషాల్లో నాలుగు గోల్స్ పడ్డాయి. టీవీ పాడైందనుకుని దాని నెత్తిన ఒకటి వేశాడు. ఆట 7–1తో ముగిసింది. ఆ తర్వాత జరిగిన ఓదార్పులు ఏ సంతాప సభకూ తీసిపోవు.

మర్నాడు నా క్లాసులో సగం మందికి కళ్లు మూతలు పడుతున్నాయి. పాఠం పక్కన పెట్టి ఒక ప్రశ్న వేశాను. ఒక్కో జట్టులో 23 మంది ఉన్నారు కదా, వారిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకే తేదీన పడే అవకాశం ఎంత? 23ని 365తో భాగించి ‘ఆరు శాతం’ అన్నారు. సగానికి కాస్త పైనే అన్నాను. ఒక్కరూ నమ్మలేదు. అందరూ లేచి కూర్చుని, 32 జట్ల ఆటగాళ్ల పుట్టినతేదీలు పంచుకుని వెతికారు. 16 జట్లలో అలాంటి జోడీలు దొరికాయి. సరిగ్గా సగం! సంభావ్యతను అంత మెలకువతో విన్న క్లాసు నాకు మళ్లీ దొరకలేదు.

అలాగని ఆట చదువును తాకనే తాకదని బుకాయించను. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే, మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలు ఏటా మే, జూన్ నెలల్లోనే వస్తాయి. ప్రపంచకప్, ఐరోపా దేశాలు ఆడే యూరో టోర్నీలు చాలాసార్లు ఆ రోజుల్లోనే పడతాయి. బ్రిస్టల్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు కొందరు టోర్నీ ఉన్న ఏళ్ల ఫలితాలనూ లేని ఏళ్ల ఫలితాలనూ పోల్చి చూశారు. టోర్నీ రోజుల్లో రాసిన సబ్జెక్టుల్లో మార్కులు తగ్గాయి. అందరికీ ఒకేలా తగ్గలేదు. అబ్బాయిలకు, పేద కుటుంబాల పిల్లలకు ఎక్కువ తగ్గాయి. నన్ను ఆపేసింది ఈ చివరి మాటే. కలిగినవారి పిల్లవాడు ఒక రాత్రి పోగొట్టుకుంటే ఇంటికొచ్చి చెప్పే మాస్టారు మర్నాడు దాన్ని పూడ్చేస్తారు. లేనివాడికి ఆ రాత్రి పోయినట్టే. కాబట్టి పరీక్షను ఫైనల్ మర్నాడు పెట్టడం క్రమశిక్షణ నేర్పడం కాదు, తక్కువ ఉన్నవాడి దగ్గరే ఎక్కువ వసూలు చేయడం.

మా కళాశాల సరిగ్గా ఆ పనే చేసింది. 2022 డిసెంబర్ 18, ఆదివారం ఖతార్‌లో ఫైనల్. అర్జెంటీనా 2–0తో ముందుంది, 79 నిమిషాలు ఫ్రాన్స్ ఊసే లేదు. తర్వాత ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె రెండు నిమిషాల లోపే రెండు గోల్స్ వేశాడు. అదనపు సమయంలో అర్జెంటీనాకు మెస్సి ఒకటి, మళ్లీ ఎంబాపె ఒకటి. 3–3. పెనాల్టీ షూటౌట్‌లో 4–2తో అర్జెంటీనా గెలిచింది. మధ్యలో లేచి ‘ఇక పడుకోండి’ అనడానికి నాకే నోరు రాలేదు. తెల్లారి తొమ్మిదింటికి సెమిస్టర్ పరీక్ష, ఇన్విజిలేషన్ నాదే. ఒక జవాబు పత్రంలో చివరి పంక్తి అక్షరాలుగా మొదలై, మెల్లగా గీతగా మారి, కాగితం అంచు దాకా జారిపోయింది. ఆ విద్యార్థి చదవక కాదు, కళ్లు తెరిచి ఉంచలేక తప్పాడు.

ఆ ఫైనల్ డిసెంబర్ 18న అని ప్రపంచానికి 2015లోనే తెలుసు. మా పరీక్షల టైంటేబుల్ మూడు వారాల ముందు వచ్చింది. 2026 టోర్నీ ఆతిథ్యం అమెరికా, కెనడా, మెక్సికోలకు 2018 జూన్‌లోనే ఖరారైంది. ఫైనల్ జూలై 19న అని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఖతార్‌లో 32 జట్లు 29 రోజుల్లో 64 మ్యాచ్‌లు ఆడాయి. 2026కు అది 48 జట్లు, 39 రోజులు, 104 మ్యాచ్‌లు అయింది. ఇంత పెద్ద విషయం క్యాలెండర్‌లో కనబడలేదంటే, చూడలేదనే అనుకోవాలి.

ఆతిథ్య దేశాలు మాత్రం చూసుకుంటాయి. 2010లో దక్షిణాఫ్రికా బడి సెలవులను టోర్నీకి సరిపోయేలా పొడిగించింది. 2014లో బ్రెజిల్ ఏకంగా చట్టంలోనే రాసింది, సంవత్సరం మధ్య సెలవులు ప్రారంభ మ్యాచ్ నుంచి ఫైనల్ వరకూ మొత్తాన్ని కలుపుకోవాలని. మనం అంత దూరం పోనక్కర్లేదు. నిజానికి నెల రోజుల సెలవు నాకు నచ్చదు కూడా. ఇంటికి పంపితే ఒంటరిగా ఫోనులో చూస్తారు. ఆ సంగతి పైన చెప్పాను.

నేను అడిగేది చిన్నది. సెమీఫైనళ్లు, ఫైనల్ మర్నాడు ఉదయం పరీక్ష వద్దు. కుదరకపోతే మధ్యాహ్నానికి మార్చండి. గ్రూపు దశలో రోజూ ఆటలుంటాయి, ప్రతిదానికీ వెసులుబాటు అడిగే విద్యార్థిని నేనే బయటికి పంపుతాను. టీవీ గది తెరిచి ఉంచండి, ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి, ఈల మోగగానే దీపం ఆర్పమనండి. ఆట అంటే పడని పిల్లలూ ఉంటారు, వారి నిద్ర కూడా నిద్రే. కాబట్టి గది పడక గదులకు దూరంగా ఉండాలి, గోలు పడితే కిటికీలు అదరకూడదు. ఈ రెండోది సాధించడం కష్టమని ఒప్పుకుంటాను.

రాసినవన్నీ అబ్బాయిల హాస్టల్ ముచ్చట్లేనని మా సహోద్యోగిని ఈ లేఖ చూసి ఎత్తిచూపారు. నిజమే. అమ్మాయిల హాస్టల్‌లో టీవీ గదికి టోర్నీ ఉన్నా లేకున్నా రాత్రి తొమ్మిదింటికే తాళం పడుతుంది. 2023లో సిడ్నీలో స్పెయిన్, ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించిన మహిళల ప్రపంచకప్ ఫైనల్ మాకు పగటిపూట ప్రసారమైంది, అదీ ఆదివారం. దాన్ని చూడటానికి కూడా వారు సంతకాలు పెట్టి అనుమతి పత్రం ఇవ్వాల్సి వచ్చిందట. ఇన్నేళ్లుగా నాకు ఆ సంగతే తెలియదు.

తర్వాతి మహిళల ప్రపంచకప్ 2027 జూన్ 24 నుంచి జూలై 25 వరకు బ్రెజిల్‌లో. ఈ లేఖ ప్రతితో పాటు ఆ తేదీలను ఒక కాగితం మీద రాసి మా పరీక్షల విభాగానికి ఇచ్చాను. గుమస్తా తీసుకుని, ముద్ర వేసి, ‘ఆ ఏడాది పరీక్షలు ఎప్పుడో మాకే ఇంకా తెలియదు సార్’ అన్నారు.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు