ఫ్రైడ్ రైస్ కిట్‌లో ఇకపై బియ్యం ఎందుకు ఉండదంటే

ఈ విడత నుంచి మా ఫ్రైడ్ రైస్ కిట్‌లో బియ్యం ప్యాకెట్ ఉండదు. సాస్ సీసా, మసాలా పొట్లం, వండే విధానం రాసిన కాగితం మాత్రమే ఉంటాయి. ధర కూడా ఆ మేరకు తగ్గుతుంది. మొదటి నుంచీ మా దగ్గరే కొంటున్నవారికి ఈ మార్పు వెనుక జరిగినది దాపరికం లేకుండా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కిందటి విడత కిట్లు అందుకున్నవారిలో చాలామంది ఒకే ఫిర్యాదు రాశారు. కాగితంలో చెప్పిన కొలత ప్రకారమే నీళ్లు పోసినా అన్నం సగం ముద్దయిందని, మిగతా సగం పలుకుగానే ఉండిపోయిందని, బాణలిలో వేసి కలిపేసరికి మెతుకులు విరిగి గరిటెకు అంటుకున్నాయని చెప్పారు. కొందరు తమ పొయ్యి మంట చాలలేదేమోనని, తమకే చేతకాలేదేమోనని సందేహపడ్డారు. వారు ఆ సందేహం పెట్టుకోనక్కరలేదు. ఆ ప్యాకెట్లలో ఉన్నది మేము డబ్బు చెల్లించి కొన్న రకం బియ్యం కాదు.

మేము అడిగింది ఏడాదికి పైగా నిల్వ ఉన్న, పొడవు గింజ పాత బియ్యం. సరఫరా చేసే వ్యాపారి శాంపిలుగా ఇచ్చినది అచ్చంగా అదే. బస్తాల్లో పంపినది మాత్రం పాత బియ్యంలో కొత్త బియ్యం కలిపినది. ఫిర్యాదులు రాగానే మిగిలిన ప్యాకెట్లు విప్పి పళ్లెంలో పోసి చూస్తే లేత పసుపు తిరిగిన గింజల మధ్య తెల్లటి గింజలు కంటికే కనిపించాయి. రెండింటినీ ఏరి వేరువేరు గిన్నెల్లో, ఒకే కొలత నీటితో, ఒకే సమయం ఉడికించాను. పాత గింజ నిడుపుగా సాగి విడిగా నిలిచింది. కొత్త గింజ కొనల దగ్గర పగిలింది, దాని చుట్టూ పట్టిన జిగురు వేళ్ల మధ్య తీగలాగా సాగింది.

బియ్యం నిల్వ ఉన్నకొద్దీ గింజలో తేమ తగ్గుతుంది, లోపలి పిండిపదార్థం, ప్రోటీన్లు బిగుసుకుంటాయి. అందువల్ల పాత గింజ నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అయినా పగలదు, గంజిని తక్కువగా వదులుతుంది. కొత్త గింజకు నీరు తక్కువ చాలు, సమయమూ తక్కువ చాలు. పూర్తిగా కొత్త బియ్యమే ఇచ్చి ఉంటే ఎసరు తగ్గించి వండుకోమని మీకు ఒక మాట రాసేవాణ్ణి. రెండూ కలిపిన బియ్యానికి మాత్రం సరిపోయే కొలత అంటూ ఏదీ ఉండదు, ఎందుకంటే పాత గింజ ఉడికేదాకా ఆగితే కొత్తది చితికిపోతుంది, కొత్త గింజకు సరిపడా ఆపితే పాతది గట్టిగా మిగిలిపోతుంది. ఎంత నేర్పున్నవారు వండినా ఫలితం అదే.

దీని గురించి అడిగితే ఆ వ్యాపారి, "ఇళ్లలో చేసుకునేవాళ్లకి ఈ తేడా ఏం తెలుస్తుందండీ, హోటళ్లవాళ్లే అడగరు" అన్నారు. బియ్యం కలిపినందుకు కలిగిన నష్టాన్ని ఎలాగో భరించగలను, ఆ మాటను మాత్రం భరించలేకపోయాను. తెలిసింది ఇళ్లలో వండుకునేవారికే, చెప్పిందీ వారే. పైగా మంచి బియ్యం అవసరం హోటలు కంటే ఇంటికే ఎక్కువ. హోటలు పొయ్యి మంట ఇంటి పొయ్యి మంటకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి అన్నంలో మిగిలిన తడి బాణలిలో పడిన క్షణాల్లోనే ఆవిరైపోతుంది. ఇంట్లో ఆ తడి అక్కడే నిలిచి బాణలిని చల్లబరుస్తుంది. నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, అన్నం వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలైనా దాటాలి. హోటల్లో మంట చేసే పనిని ఇంట్లో బియ్యమే చేయాలి.

ఆ తరువాత తీసుకోవలసి వచ్చిన నిర్ణయం నాకు నిద్ర లేకుండా చేసింది. నష్టానికి బదులుగా ఉప్పుడు బియ్యం తక్కువ ధరకు ఇస్తానని అదే వ్యాపారి ముందుకొచ్చారు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టిన తరువాత మర ఆడించిన బియ్యం కనుక అది ఎవరు వండినా సులభంగా ముద్ద కాదు. ఒప్పుకుని ఉంటే ఫిర్యాదులు అక్కడితో ఆగేవి, కిట్ నిండుగానే ఉండేది, మాకు మిగులు కూడా పెరిగేది. మాతో పనిచేసేవారందరూ ఒప్పుకోమనే చెప్పారు, బియ్యం లేని ఫ్రైడ్ రైస్ కిట్ ఎవరు కొంటారన్న వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. వండి చూశాను. గింజ విడివిడిగానే వచ్చింది. కానీ దాని వాసన నూనెలో వేగిన తరువాత కూడా వదల్లేదు, సాస్ రుచి వెనక్కి పోయింది. ఇంట్లో ఆ బియ్యంతోనే తృప్తిగా వండుకునేవారిని నేను తప్పుపట్టను. మా కిట్ మీద మాత్రం మేము పాత బియ్యం అని రాసి ఇన్నాళ్లు అమ్మాము, ఆ మాట చెరిపి మరో బియ్యం పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. మొండితనం అన్నవారు ఉన్నారు. అయితే కానివ్వండి.

ఇకపై బియ్యం మీరే ఎంచుకుంటారు కాబట్టి కాగితాన్ని కొత్తగా రాశాను. అందులోని ముఖ్యమైన సంగతి ఇది. మీ బియ్యం పాతదో కొత్తదో తెలియకపోతే నీటి కొలతను నమ్ముకోకండి. సమృద్ధిగా నీళ్లు మరిగించి, బియ్యం వేసి, గింజ లోపల సన్నటి పలుకు మిగిలి ఉండగానే గంజి వార్చేయండి. పైజిగురు గంజితో పాటే పోతుంది. ఆ అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోయాక ఫ్రిజ్‌లో పెడితే గింజ గట్టిపడి మర్నాటికి చక్కగా వేగుతుంది. తొందరగా ఉంటే ఫ్యాను గాలికి ఆరనిచ్చి వెంటనే వేయించుకున్నా ఫరవాలేదు. కిందటి విడత ప్యాకెట్లు మిగిలి ఉన్నవారు కూడా ఇదే పద్ధతిలో వండితే చాలావరకు నయంగా ఉంటుంది.

చల్లారిన అన్నం వాడమన్నారు కదా అని రాత్రంతా గిన్నెలో బయటే ఉంచామని ఇద్దరు ముగ్గురు రాశారు. దయచేసి అలా చేయకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. వండిన 2 గంటల్లోపే, ఎండ మండే రోజుల్లో గంటలోపే అన్నం ఫ్రిజ్‌లోకి చేరాలి, ఫ్రిజ్ వేడి 5 డిగ్రీలకు మించకూడదు, మర్నాడే వాడేయాలి.

సాస్, మసాలా ఏమీ మారలేదు. రెండింటిలోనూ ఉప్పు ఉంది కనుక అన్నంలో విడిగా ఉప్పు వేయకండి. బాణలి బాగా కాలిన తరువాత ఒకసారికి ఇద్దరికి సరిపడా అన్నమే వేయండి, సాస్‌ను అన్నం మీద కాకుండా బాణలి అంచుకు తగిలేలా పోయండి.

కిందటి విడత కిట్ కొన్న ప్రతివారికీ, ఫిర్యాదు చేసినా చేయకపోయినా, బియ్యం వరకు డబ్బు తిరిగి ఇస్తాము. కిట్ అట్ట మీది విడత సంఖ్య పంపితే చాలు, ప్యాకెట్ వెనక్కి పంపనక్కరలేదు. ఆ వ్యాపారితో లావాదేవీ ముగిసింది. ఆ తరువాత మరికొందరిని కలిశాను, అందరూ మంచి శాంపిలే చూపించారు, గోదాములో నేను వేలు పెట్టి చూపిన బస్తాను అడుగు దాకా విప్పమంటే మాత్రం వెనుకాడారు. అలా విప్పి చూపించేవారు దొరికితే బియ్యం మళ్లీ కిట్‌లోకి వస్తుంది. అది ఎప్పుడని అడిగేవారికి ఇప్పుడే తేదీ చెప్పలేను.